విద్యార్థి విలేకరి

మన జూనియర్ కళాశాలల్లో వార్షికోత్సవం దగ్గరపడగానే గోడపత్రిక ఒకటి వెలుస్తుంది. రంగు చార్టుల మీద ముత్యాల వంటి అక్షరాలు, అంచుల వెంట పూలతీగలు, మధ్యలో అమ్మ మీద ఒక కవిత, స్నేహం మీద మరొక కవిత, మహనీయుల సూక్తులు, పొడుపుకథలు. చూడముచ్చటగానే ఉంటుంది. అటువంటి గోడపత్రికలకు పాతికేళ్లుగా బహుమతులు నిర్ణయిస్తూ వచ్చిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. కాని పత్రిక అని పేరు పెట్టుకున్న ఆ గోడ మీద వార్త మాత్రం ఒక్కటీ కనిపించదు. పల్లె నుంచి కళాశాలకు వచ్చే బస్సు ఎన్నాళ్లుగా రావడం లేదో, ఉపకారవేతనాలు ఎందుకు ఆగాయో, వసతిగృహంలో నీళ్లు ఏ వేళకు వస్తాయో ఆ గోడకు తెలియదు. గోడలకు చెవులుంటాయని సామెత. మన గోడపత్రికకు అవి కూడా లేవు.

పత్రికారచన పెద్దయ్యాక, ఉద్యోగం దొరికాక నేర్చుకోవలసిన విద్య అని చాలామంది భావన. మన ప్రాంతపు అనుభవం అందుకు భిన్నం. 1989లో ‘ఈనాడు’ జిల్లా పత్రికలను ప్రారంభించింది. తరువాత తక్కిన దినపత్రికలూ అదే బాట పట్టాయి. మండలానికొక విలేకరి అవసరమయ్యాడు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మారుమూల మండలాల్లో ఆ పని చేపట్టిన వాళ్లలో ఎందరో అప్పుడే ఇంటరో డిగ్రీయో పూర్తిచేసిన యువకులు. వారిలో చాలామందికి నెల జీతం లేదు. అచ్చయిన పంక్తులను కొలిచి ఇచ్చే ‘లైన్ అకౌంట్’ ఉండేది. పంక్తిని కొలిచి డబ్బులిచ్చే చోట వార్తను సాగదీయాలనిపించడం సహజం. అడగడం ఎలాగో, విన్నదానిని రాయడం ఎలాగో వారిలో ఎక్కువమందికి ఎవరూ నేర్పలేదు. కొందరు స్వయంకృషితో మేటి పాత్రికేయులైన మాట నిజమే. కాని నేర్చుకునే క్రమంలో వారు చేసిన పొరపాట్ల భారం, వారు ఎవరి గురించి రాశారో వాళ్ల మీద పడింది. ఒక పేరు తప్పు పడినా, ఒక నింద విచారణ లేకుండా అచ్చయినా, మరునాడు వేసే సవరణ మొదటి వార్త చదివిన వాళ్లందరికీ చేరదు. అందుకే ఈ విద్యకు అక్షరాభ్యాసం గోడపత్రిక మీద జరగాలని నా అభిప్రాయం. అక్కడ తప్పు దొర్లితే చార్టు మార్చుకోవచ్చు.

కొన్నేళ్ల కిందట ద్వితీయ సంవత్సరం విద్యార్థిని ఒకామెను, తమ వాడలో బీడీలు చేసే ఒక పెద్దమ్మతో మాట్లాడి వార్తాకథనం రాసుకురమ్మన్నాను. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ప్రాంతాల పిల్లలకు బీడీల చాట కొత్త వస్తువు కాదు. ఎందరి పరీక్ష ఫీజులో ఆ చాటలోంచే వస్తాయి. ఆ అమ్మాయి మూడు పుటలు రాసుకొచ్చింది. అందులో చెమటచుక్కలు ముత్యాలయ్యాయి, వేళ్లు వీణ తీగలను మీటాయి, పొగాకు ఘాటు విధివైపరీత్యమయింది. నేను మెచ్చుకున్నాను కూడా. రాత్రి మళ్లీ చదివితే గాని లోపం తెలియలేదు. మూడు పుటల్లో పెద్దమ్మ పేరు లేదు, వయసు లేదు, రోజుకు ఎన్ని బీడీలు చేస్తుందో లేదు, వెయ్యికి ఎంత కూలి వస్తుందో లేదు, ఆమె నోటి మాట ఒక్కటీ లేదు. ఆ రచనకు ఆ వాడ దాకా వెళ్లవలసిన పనే లేదు. ఇందులో విద్యార్థిని తప్పు తక్కువ. వ్యాసానికి అలంకారమే వన్నె అని ఏళ్ల తరబడి బోధించింది మేమే.

మరునాడు ఆమెను మళ్లీ పంపాను. ఈసారి విశేషణం ఒక్కటీ వద్దు, అంకెలూ పేర్లూ పెద్దమ్మ మాటలూ మాత్రమే తెమ్మన్నాను. వెళ్లి చాట పక్కన కూర్చుంది. “దినాం ఎన్ని బీడీలు జేస్తవ్ పెద్దమ్మా?” అని అడిగితే, “ఆకు మంచిగుంటె వెయ్యి బిడ్డా, లేకుంటె ఏడెనిమిది నూర్లు” అని జవాబు వచ్చింది. ఆకు మంచిగా లేకపోవడమంటే ఏమిటని ఈమె మళ్లీ అడిగింది. అసలు సంగతి అక్కడ బయటపడింది. కార్ఖానాలో తూకం వేసి ఇచ్చే తునికాకు వెయ్యి బీడీలకు చాలడం లేదు. చినిగిన ఆకు, పురుగు తిన్న ఆకు పోగా తక్కువపడినదానిని పెద్దమ్మ తన డబ్బుతోనే కొనుక్కుంటున్నది. అప్పగించేటప్పుడు బాగాలేవని పక్కకు తీసేసిన బీడీలకు కూలి రాదు. కాగితం మీద ఉన్న కూలికీ చేతికి వచ్చే కూలికీ మధ్య తేడా ఇక్కడ ఉన్నది. ఆ తేడాయే వార్త. అది మొదటి ప్రశ్నకు జవాబుగా రాలేదు. జవాబులోని ఒక చిన్న మాటను పట్టుకొని వేసిన రెండో ప్రశ్నకు వచ్చింది.

ముఖాముఖికి వెళ్లేవారు ప్రశ్నలు రాసుకొని వెళ్లడం మంచిదే. కాని ఆ కాగితాన్నే అంటిపెట్టుకొని ఒకటి, రెండు, మూడు అని వల్లిస్తే ఎదుటివారు చెప్పేది చెవికెక్కదు. “చాలా కష్టంగా ఉందా?” అని అడిగితే “ఔను బిడ్డా” అనే జవాబు తప్ప మరేమీ రాదు, ఎందుకంటే ఆ ప్రశ్నలోనే జవాబు ఉన్నది. “ఎట్లా చేస్తారు?”, “అప్పుడేమయింది?”, “ఆ తరువాత?” అనేవి చిన్న ప్రశ్నలే, కాని మనిషి చేత మాట్లాడించేవి అవే. దుఃఖంలో ఉన్నవారి ముఖం దగ్గర మైకు పెట్టి మీకు ఎలా అనిపిస్తోందని అడిగే వార్తాచానళ్ల అలవాటును మాత్రం దయచేసి అనుకరించవద్దు.

అడిగి తెలుసుకోవడానికి ఎంత ఓపిక కావాలో చెప్పడానికి మన ఆదిలాబాదులోనే గొప్ప ఉదాహరణ ఉన్నది. 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీం, ఆయన అనుచరులు ప్రభుత్వ బలగాల కాల్పుల్లో మరణించిన తరువాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అనిపించింది. ఆ పనిని క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్తకు అప్పగించింది. ఆయన తాలూకా కచేరీలో కూర్చొని పటేళ్లను పిలిపించుకొని నివేదిక రాసి పంపి ఉండవచ్చు. అలా చేయలేదు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయి అనే గోండు గూడెంలో నివాసం ఏర్పరచుకున్నాడు. గోండి భాష నేర్చుకున్నాడు. ప్రధానులు కిక్రి వాయిస్తూ పాడే కథలు విన్నాడు. పండుగలలో, పంచాయితీలలో, పెండ్లిళ్లలో వాళ్ల నడుమ కూర్చున్నాడు. తమ పోడు భూములు ఎవరి చేతుల్లోకి ఎలా పోయాయో గోండులు ఆయనకు తమ భాషలో చెప్పుకున్నారు. తరువాత ఆదివాసీలకు భూమి పట్టాలు రావడం, మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ మొదలై గోండిలో వాచకాలు తయారుకావడం ఆ వినికిడి ఫలితాలే. ‘ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ అనే గ్రంథం 1948లో వెలువడింది. ఆ దంపతుల సమాధులు ఇప్పటికీ మార్లవాయిలోనే ఉన్నాయి. ఆయన పత్రికా విలేకరి కాడు. ప్రభుత్వం పంపిన మనిషి అన్న సంగతీ మరువరాదు. అయినా ఎదుటివారి భాషలో అడగడం, వారి వేగంతో వినడం అనే రెండు విషయాలలో ఏ విలేకరికైనా ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఉన్నది.

అదే మార్లవాయిలో గుస్సాడీ నృత్య గురువు కనకరాజు ఉండేవారు. 2021లో పద్మశ్రీ ప్రకటించగానే పత్రికలు ఆయన గురించి విరివిగా రాశాయి. 2024 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. పురస్కారం వస్తే గాని మనిషిని అడగాలని తోచకపోవడం పెద్ద పత్రికల బలహీనత. మీ గోడపత్రికకు ఆ బంధనం లేదు. మీ ఊరిలో ఒగ్గుకథ చెప్పే తాతను, నిర్మల్ కొయ్యబొమ్మకు రంగులద్దే కాకను, గోదావరిఖని బొగ్గుబావిలో దిగి పదవీ విరమణ చేసిన పెదనాన్నను ఈ వారమే అడగవచ్చు.

ఇక భాష సంగతి. సిరిసిల్ల నేతకార్మికుని గురించి రాస్తూ విద్యార్థి ‘మరమగ్గం’ అని రాస్తాడు. కార్మికుడు దానిని ‘సాంచ’ అంటాడు. పని తెచ్చి నడిపించే చిన్న యజమాని అక్కడ ‘ఆసామి’, అతనికి నూలు ఇచ్చే పెద్ద యజమాని ‘సేటు’. వీరిద్దరినీ కలిపి ‘యాజమాన్యం’ అని రాసేస్తే కూలి ఎక్కడ తెగుతున్నదో పాఠకునికి అర్థం కాదు. వృత్తిపదం తెలియకపోవడం అంటే, చాలాసార్లు, విషయమే తెలియకపోవడం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన ‘మాండలిక వృత్తిపదకోశం’ ఇటువంటి పలకరింపుల నుంచే పుట్టింది. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. పండితులు పల్లెలకు వెళ్లి, రైతునూ సాలె వృత్తివారినీ ఇది ఏమిటి, దీనిని ఏమంటారు అని అడిగి రాసుకొన్న మాటలవి. ప్రాచీన సాహిత్యం మీద పరిశోధన చేసిన నాకు నిఘంటువుల మీద మక్కువ ఎక్కువ. అయినా ఈ కోశం తెరిచినప్పుడల్లా నేను చదివిన కావ్యాల్లో లేని తెలుగు ఎంత ఉందో తెలిసి కొంత సిగ్గు కలుగుతుంది.

విన్నదానినంతా నిజమని రాయవచ్చునా? ఇక్కడ విద్యార్థులు తరచు పొరబడతారు. కుమ్రం భీం విషయమే మళ్లీ చూడండి. ఆయన పేరు పత్రికలలో కొమరం, కొమురం, కుమ్రం, కుమురం అని పలు రూపాల్లో కనిపిస్తుంది. కుమ్ర అన్నది గోండులలో ఒక ఇంటిపేరు. ఆ ఇంటిపేరు గలవారు నేటికీ ఉన్నారు. ఎలా పలకాలో వారినే అడగవచ్చు. పేరు కంటె క్లిష్టమైనది తేదీ. ఆయన మరణించిన రోజు 1940 సెప్టెంబరు 1 అని కొన్ని రచనల్లో ఉన్నది. మరికొన్నింట అదే ఏడాది అక్టోబరు నెలలోని తేదీలున్నాయి. జోడేఘాట్‌లో మాత్రం వర్ధంతిని ఆశ్వయుజ పౌర్ణమినాడు జరుపుతారు. ఏది సరి? తేల్చడానికి చరిత్రకారులున్నారు. కాని విద్యార్థి కూడా చేయగలిగిన పరీక్ష ఒకటి ఉన్నది. 1940 అక్టోబరు 1న సంపూర్ణ సూర్యగ్రహణం సంభవించింది. అది దక్షిణ అమెరికా, దక్షిణాఫ్రికా ప్రాంతాలలో కనిపించింది. సూర్యగ్రహణం అమావాస్యనాడు గాని రాదు. ఆ లెక్కన ఆ ఏటి ఆశ్వయుజ పౌర్ణమి అక్టోబరు 16 ప్రాంతంలో పడుతుంది. వెనుకటి అమావాస్య సెప్టెంబరు 1, 2 తేదీల నడుమ వస్తుంది. అంటే సెప్టెంబరు 1 అన్న తేదీ, పౌర్ణమి అన్న తిథి ఒకే రోజుకు చెందవు. ఇంతవరకు తెలిశాక, మనకు నచ్చిన తేదీని ఎంచుకొని మిగిలినదానిని తుడిచివేయడం వార్తారచన కాదు. ఫలానా గ్రంథం ఇలా చెబుతున్నది, జోడేఘాట్ ప్రజలు ఈ తిథిని పాటిస్తున్నారు, రెండూ పొసగడం లేదు అని రాయాలి. పాఠకుడు అయోమయపడడు, మనం దాచనందుకు నమ్ముతాడు.

సంఖ్యల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన ఆదివాసీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. మృతులు 13 మంది అని ప్రభుత్వం ప్రకటించింది. పౌరహక్కుల సంఘాల వారు, స్థానికులు చెబుతూ వచ్చిన సంఖ్యలు అంతకు ఎన్నో రెట్లు. నలభై ఏళ్లు దాటినా ఆ అంతరం అలాగే ఉన్నది. అటువంటి చోట అంకె పక్కన ఆ అంకె చెప్పినవారెవరో రాయకపోతే, మనకు తెలియకుండానే మనం ఒక పక్షం వహించినట్లే. ‘అధికారులు ప్రకటించిన ప్రకారం’, ‘మృతుల బంధువులు చెప్పిన దాని ప్రకారం’ అన్న మాటలు వాక్యానికి బరువని కొందరు తీసివేస్తారు. నా దృష్టిలో వార్తావాక్యానికి వెన్నెముక అవే. 1934లో సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించిన తీరు ఇక్కడ గుర్తుకు వస్తుంది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు ఆయన కోపంతో బదులివ్వలేదు; 354 మంది కవుల వివరాలు, పద్యాలు సేకరించి అచ్చువేశారు.

సేకరించినదానిని ఎలా రాయాలి? మన ప్రాచీన కావ్యానికి అవతారిక ఉంటుంది. ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కుకవినింద, కృతిపతి వంశవర్ణన, షష్ఠ్యంతాలు దాటితే గాని కథ మొదలుకాదు. పరీక్షల్లో రాసే వ్యాసానికీ మనం ఉపోద్ఘాతం నేర్పుతాం. వార్తకు ఈ క్రమం పనికిరాదు. బస్సు కోసం నిలబడి చదివేవాడు మొదటి వాక్యం తరువాత ఆగిపోవచ్చు. అందుకే ముఖ్యమైనది ముందు రావాలి. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నల్లో ఆ వార్తకు ప్రాణమైనవి మొదటి వాక్యంలోనే తెలియాలి. మా విద్యార్థిని తొలి ప్రతి ‘శ్రమ జీవితానికి ప్రతీకలు బీడీ కార్మికులు’ అని మొదలయింది. మలి ప్రతి ఇలా మొదలయింది: ‘వెయ్యి బీడీలకు చాలినంత తునికాకు ఇవ్వకపోవడంతో, తక్కువపడిన ఆకును కూలి డబ్బుతోనే కొనుక్కుంటున్నామని మా వాడలోని బీడీ కార్మికులు చెబుతున్నారు.’

ఆలంకారికుడైన భామహుడు, ప్రకృతిలో జరిగిన సంగతులను ఉన్నవి ఉన్నట్లు పేర్చి చెప్పే రచన కావ్యం కాదని, దానిని వార్త అంటారని తేలికగా తీసిపారేశాడు. వక్రోక్తి లేనిదే కావ్యం లేదని ఆయన సిద్ధాంతం. చదువుకొనే రోజుల్లో నేను ఆయన పక్షమే. ఇన్నేళ్ల తరువాత, ఉన్నదానిని ఉన్నట్లు చెప్పడం ఆయన అనుకున్నంత సులువు కాదనిపిస్తున్నది. ప్రబంధ వర్ణనను అనుకరించి నాలుగు సీసపద్యాలు అల్లగల విద్యార్థులను చూశాను. తన వీధిలో నిన్న జరిగిన గొడవను పొల్లు లేకుండా పది వాక్యాల్లో రాయగలవారు అంతకంటె తక్కువగా కనిపించారు.

మరొక మాట. కథనం ప్రామాణిక భాషలో నడవవచ్చు. కాని మనిషి అన్న మాటను ఉటంకించేటప్పుడు అతని మాటగానే ఉంచాలి. పెద్దమ్మ ‘ఏడెనిమిది నూర్లు’ అన్నదానిని ‘సుమారు ఏడు లేదా ఎనిమిది వందల వరకు’ అని దిద్దితే మాట్లాడింది పెద్దమ్మ కాదు, మనం. చాలాకాలం సినిమాల్లో మన ప్రాంతపు మాటను నవ్వు పుట్టించడానికి వాడారు. పత్రికలో దానిని గౌరవంగా నిలబెట్టే పని మీది. గల్ఫ్ దేశాలకు వెళ్లినవారి ఇండ్లు మన జిల్లాల్లో ఊరూరా ఉన్నాయి. అక్కడ మరణించినవారి శవపేటిక కోసం వారాల తరబడి ఎదురుచూసే కుటుంబం దగ్గరకు వెళ్లినప్పుడు, ఆ రోజు పుస్తకం తెరవకుండా తిరిగి రావడం కూడా విలేకరి చేయవలసిన పనుల్లో ఒకటి. ఏజెంటు ఎంత తీసుకున్నాడు, ఏ వీసా మీద పంపాడు అన్న ప్రశ్నలు ముఖ్యమైనవే. అవి తరువాత అడగవచ్చు.

మా విద్యార్థిని తన వార్తను అంతటితో ముగించలేదు. కార్ఖానాకు వెళ్లి అక్కడి బాధ్యుణ్ణీ అడిగింది. ఆకు లెక్క ప్రకారమే ఇస్తున్నామని, చేసేవాళ్లు వృథా చేస్తున్నారని ఆయన చెప్పాడు. అదీ రాసింది. చార్టు మీదికి ఎక్కించే ముందు పెద్దమ్మ చాట దగ్గర కూర్చొని మొత్తం చదివి వినిపించింది. పెద్దమ్మ రెండు చోట్ల ఆపింది. కట్టకు ఇరవై బీడీలని ఉన్నచోట ఇరవై అయిదు అని దిద్దించింది. తన పేరు విన్నచోట, “నా పేరు వెట్టకు బిడ్డా, రేపు ఆకియ్యరు” అన్నది. అమ్మాయి నా దగ్గరకు వచ్చి ఏం చేయమంటారని అడిగింది. నీవైతే ఏం చేస్తావని తిరిగి అడిగాను. పేరు తీసేసి, ఆమె కోరిక మేరకు పేరు ఇవ్వడం లేదని ఒక వాక్యం చేర్చింది. తొలి ప్రతిలోనూ ఆ పేరు లేదు, కాని అప్పుడు అడగనందువల్ల లేదు.

ఆ చార్టు మూడు వారాలు గోడ మీద ఉన్నది. నాలుగో వారం దాని పక్కన వసతిగృహం నీళ్ల వార్త వచ్చి చేరింది. రాసింది ప్రథమ సంవత్సరం పిల్లలు.